పాప ఎలా ఉందో రాయి

ఫిల్మ్ నగర్
3 జూన్ 2024

పెద్దమ్మా,

నీ షరతు ప్రకారం తెల్ల కాగితం మీద, నీలం సిరాతో, వరుసకూ వరుసకూ మధ్య వేలు పట్టేంత చోటు వదిలి రాస్తున్నాను. ఫోనులో మెసేజీ పెడితే చదవనన్నావు. మాట్లాడదామంటే నీకు వినపడదు. చెవి మిషను ఇంకా డబ్బాలోనే ఉందని నాకు తెలుసు, బుకాయించకు. పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు కౌంటరు దగ్గరావిడ ప్రతిసారీ "లోపల ఏముంది?" అని అడుగుతుంది. ఉత్తరం అంటే నమ్మదు.

ఏడో నెల వచ్చింది. మాయ కిందికి ఉందని, ప్రయాణాలు వద్దని డాక్టరమ్మ చెప్పింది. అందుకని కానుపు ఇక్కడే. అమ్మ ఉంటే పురిటికి తీసుకెళ్లేది. అమ్మ లేదు కాబట్టి నిడదవోలులో నీ ఇంటికే రావాలి, ఇప్పుడు ఆ రావడమూ కుదరదు. ఈ మాట నీకు ఎలా చెప్పాలా అని రెండు వారాలు నానబెట్టాను. సెనగలైతే ఈపాటికి మొలకలు వచ్చేవి.

మొన్న ఒక సినిమాలో హీరోయిన్ కానుపు సీనుకి డబ్బింగ్ చెప్పాను. మైకు ముందు నాకిది అయిదో కానుపు. దర్శకుడు గాజు అవతల నుంచి "ఇంకొంచెం నొప్పి కావాలండీ" అన్నాడు. నా కడుపు ఆయన కళ్ల ముందే ఉంది, పాపం ఆయనకు ఆ సంగతి తోచలేదు. రెండో టేకు ఓకే అయింది.

ఇక్కడ బాలమణి అని ఒకావిడ ఉంది. షేక్‌పేట పాత ఊళ్లో ఇల్లు. బాలింతలకూ పసిపిల్లలకూ నలుగుపెట్టి నీళ్లు పోస్తుంది. జూబ్లీహిల్స్ బంగళా అయినా, మా వీధి చివర రేకుల ఇల్లయినా ఆవిడకు ఒకటే. ఒక ఇంట్లో పొట్టి అయిపోయిన చొక్కాలు ఇంకో ఇంటికి మోస్తుంది, ఒకరి కబురు ఇంకొకరికి చేరేస్తుంది. అలా ఆవిడ తిరిగే ఇళ్లవాళ్లంతా ఒకరికొకరు తెలిసి ఫోనులో గ్రూపు పెట్టుకున్నారు. పేరు "బాలమణి ఇళ్లు". పదకొండు మందిమి. ఒక నిర్మాతగారి కోడలు ఉంది, సెట్లో టీలు అందించే అతని భార్య ఉంది. నేను ఇంకా కననే లేదు, ముందస్తుగా చేర్చుకున్నారు. రోజూ పొద్దున్నే నాలుగు ధైర్యం మాటలు రికార్డు చేసి పెట్టడం నా డ్యూటీ. "నీ గొంతు వింటే నాకు పాలు పడుతున్నాయే" అని ఒకావిడ రాసింది. నాకు ఇంతవరకూ ఏ దర్శకుడూ ఇవ్వని మెప్పు అది.

మీ అల్లుడు సాయి నిన్ను అడిగానని రాయమన్నాడు.

నీ కూతురు వరస,
మనోజ్ఞ


నిడదవోలు
9 జూన్ 2024

మనూ,

ఇక్కడ నేను కులాసా. నా మోకాలు కులాసా కాదు, దాని ఊసు వదిలెయ్.

మాయ కిందికి ఉంటే ప్రయాణం వద్దనడం న్యాయమే. ముప్పై రెండేళ్లు ప్రసూతి వార్డులో సిస్టరుగా చేసినదాన్ని, ఆ మాత్రం తెలియదా? దీనికి రెండు వారాలు నానబెట్టడం ఎందుకు? నువ్వు రాలేకపోతే నేనే వస్తాను. తొమ్మిదో నెల పడగానే బయల్దేరతాను. పురుడు పోయడానికి పుట్టిల్లే కావాలని ఎక్కడా లేదు, పోసే చెయ్యి ఉంటే చాలు.

ఆ బాలమణి చేతివాటం ఎలాంటిదో చూసి రాయి. కాళ్లు చాపుకుని బిడ్డను వాటి మీద పడుకోబెట్టి పోస్తుందా? మంచిదే. ముక్కులోనూ చెవిలోనూ నూనె చుక్కలు వేస్తానంటే మాత్రం ఒప్పుకోకు. నా పేరు చెప్పు.

అయిదు కానుపులు చేశానని గొప్పలు రాశావు. అసలు కానుపులో ఎవరూ అంత అందంగా అరవరు. నేను కొన్ని వేలు చూశాను. సగం మంది మొగుణ్ని తిట్టారు, కొంతమంది నన్ను తిట్టారు. తాడిమళ్ల నుంచి వచ్చిన ఒకావిడ మాత్రం నొప్పులు పడినంతసేపూ పక్కింటి గేదెను తిట్టింది. ఆ గేదె ఏం చేసిందో ఇప్పటికీ తెలియదు.

జవాబు రాయి. టికెట్టు చేయించుకోవాలి.

పెద్దమ్మ
సీతామహాలక్ష్మి


ఫిల్మ్ నగర్
1 జూలై 2024

పెద్దమ్మా,

నువ్వు రావద్దు. కోపం తెచ్చుకోకు అని రాద్దామనుకున్నాను గానీ తెచ్చుకుంటావు.

మాది మూడో అంతస్తు. లిఫ్టు వారంలో నాలుగు రోజులు పనిచేస్తుంది, ఆ నాలుగు ఏవో ముందుగా చెప్పదు. ఉన్నవి రెండు గదులు. గుడివాడ నుంచి మా అత్తగారు వస్తున్నారు. ఈ హడావిడిలో ఎవరి మాటా వినపడక నువ్వు ఒక మూల కూర్చుని ఉంటే నేను చూడలేను. నువ్వు ఇన్నాళ్లూ అందరికీ పురుళ్లు పోసే వచ్చావు, ఇప్పుడైనా కాస్త కాళ్లు చాపుకో.

సీమంతం బాలమణి ఇంట్లో జరిగింది. పది ఇళ్ల నుంచి పది రకాల గాజులు తెచ్చారు. మోచేతుల దాకా వేశారు. టోలిచౌకి నుంచి వచ్చినావిడ పెద్ద గిన్నెడు షీర్ ఖుర్మా పాయసం తెచ్చింది. "తిను బిడ్డా, ఇద్దరికి తినాలె నువ్వు" అని బాలమణి కూర్చోబెట్టి తినిపించింది. అందరూ నన్ను డైలాగులు చెప్పమన్నారు, చెప్పాను. చాలా బాగా జరిగింది.

ఆరోగ్యం బాగుంది. నువ్వు దిగులు పడకు.

మనోజ్ఞ


నిడదవోలు
8 జూలై 2024

మనోజ్ఞకు,

"ఎవరి మాటా వినపడక" అని రాశావు. అర్థమైంది. చెవిటిదాని చేతికి పసిబిడ్డను ఎవరిస్తారు? బిడ్డ ఏడిస్తే వినపడాలి కదా. నేను అడగాల్సింది కాదు.

పార్సిలు పంపుతున్నాను. పొత్తిళ్లకు పాత నూలు చీరలు, అందులో రెండు మీ అమ్మవి. శొంఠి, వాము, బాలింత కాయం విడివిడిగా పొట్లాలు కట్టాను. కాయం ఘాటు, రోజుకు కుంకుడు గింజంత మించి తినకు.

మీ అత్తగారిని అడిగినట్టు చెప్పు.

సీతామహాలక్ష్మి


ఫిల్మ్ నగర్
3 సెప్టెంబరు 2024

పెద్దమ్మా,

పార్సిలు అందింది. అప్పుడే రాయాల్సింది. అమ్మ చీరలు మెత్తగా ఉన్నాయి.

ఆగస్టు పద్దెనిమిదిన ఆపరేషను చేసి తీశారు. ఆడపిల్ల. రెండు కిలోల ఏడు వందలు. అందరూ బాగున్నారు. మత్తు డాక్టరు నా గొంతు గుర్తుపట్టాడు. ఒక సీరియల్లో చెల్లెలి పాత్రకు చెప్పేది మీరే కదా అని, ఒక డైలాగు చెప్పమని అడిగాడు. అవతల కోస్తున్నారు, ఇవతల నేను డైలాగు చెబుతున్నాను. థియేటర్లో అందరూ నవ్వారు. పాప ఏడుపు ఆ నవ్వుల మధ్యలోనే వచ్చిందట, నేను సరిగ్గా వినలేదు.

అత్తగారు పదకొండో రోజు పురిటి స్నానం చేయించి గుడివాడ వెళ్లారు. మామగారికి కంటి ఆపరేషను ఉంది. సాయికి రాజస్థాన్‌లో నలభై రోజుల షెడ్యూలు. వెళ్లనన్నాడు, నేనే పంపాను. కెమెరా డిపార్టుమెంటులో ఒకసారి చోటు వదిలితే ఇంకొకరు నిలబడతారు.

నేనేమీ ఒంటరిగా లేను. బాలమణి ఇళ్లవాళ్లు వంతులు వేసుకుని రోజుకొకరు క్యారేజీ పంపిస్తున్నారు. తలుపు దగ్గర నవ్వుతాను, వంట మెచ్చుకుంటాను. తలుపు వేశాక క్యారేజీ బల్ల మీద ఉంటుంది. బాలమణి పొద్దున్న ఎనిమిదికి వచ్చి పాపకూ నాకూ నీళ్లు పోసి వెళ్తుంది. నిన్న పాపను తుడిచి నా ముందు పెట్టి, "గట్ల చూస్తవేంది బిడ్డా? ఎత్తుకో జర. నీ పిల్లనే గదా, కిరాయికి తెచ్చినమా?" అంది. మంచి డైలాగు. ఎవరైనా రచయిత దొరికితే ఇచ్చేస్తాను.

బారసాల ఇంకా పెట్టలేదు. పేరు ఏదీ తట్టడం లేదు.

మనోజ్ఞ


నిడదవోలు
8 సెప్టెంబరు 2024

మనూ,

సంతోషం. తల్లీ పిల్లా చల్లగా ఉండాలి.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో మత్తు డాక్టరున్నాడు, మీ అత్తగారు, మీ మామగారి కన్ను, బాలమణి, క్యారేజీలు, అందరూ ఉన్నారు. నీ కూతురు మాత్రం రెండు కిలోల ఏడు వందలు. తూకం చెప్పడానికి కూరగాయల కొట్టువాడు చాలు, తల్లి దేనికి? పాప ఎలా ఉందో రాయి. ఎవరి పోలిక? జుట్టుందా? మీ అమ్మ పుట్టినప్పుడు కుడి చెవి పైఅంచు లోపలికి మడతపడి ఉంది. మా నానమ్మ రోజూ వెన్న రాసి సాగదీసినా అది విచ్చుకోలేదు. ఆ చెవి వచ్చిందేమో చూడు.

పథ్యం పేరు చెప్పి మంచినీళ్లు మానకు. అది పాతకాలపు మూర్ఖత్వం. కుట్లు మానాలంటే పప్పూ, ఆకుకూరా, గుడ్డూ అన్నీ తినాలి. క్యారేజీ బల్ల మీద ఉంటుందని రాశావు. తర్వాత అది ఎవరి కడుపులోకి వెళ్తోందో రాయలేదు.

నేను వస్తానని అడగడం లేదు. ఆ ముచ్చట అయిపోయింది. పాప ఎలా ఉందో మాత్రం రాయి.

పెద్దమ్మ


ఫిల్మ్ నగర్
20 సెప్టెంబరు 2024

పెద్దమ్మా,

పాప ఎలా ఉందో రాయమన్నావు. బాగుంది. పిల్లలు ఎలా ఉంటారో అలా ఉంది. చెవి చూడలేదు.

రోజులు సాఫీగా నడుస్తున్నాయి. కిటికీలోంచి ఎదురుగా సినిమా హోర్డింగు కనిపిస్తుంది. పొద్దున్నే స్టూడియో వ్యాన్లు వెళ్తాయి, సాయంత్రం తిరిగొస్తాయి. వాటిని బట్టి టైము తెలుస్తుంది. గది పైకప్పులో మూడు బీటలున్నాయి.

ఒక తెలివైన పని చేశాను, నీకు నవ్వొస్తుంది. సాయి రోజూ నా గొంతు వినిపించమంటాడు. గ్రూపులో వాళ్లకు పొద్దున్నే ధైర్యం మాటలు కావాలి. రోజూ ఎక్కడ చెప్పను? అందుకని ఒక రోజు కూర్చుని పాతిక రికార్డు చేసి పెట్టుకున్నాను. "పాప ఇప్పుడే పాలు తాగి పడుకుంది", "ఇవాళ కడుపునిండా తిన్నాను", "నువ్వు దిగులు పడకు", ఇలాంటివి. కొన్నిటిలో నవ్వు వేశాను, ఒక దాంట్లో ఆవలింత కూడా. రోజుకొకటి పంపుతున్నాను. నా గొంతు చాలా హుషారుగా ఉందని సాయి సంబరపడుతున్నాడు. గ్రూపులో ఒకామె, నీలాగా ఉండటం ఎలాగో నేర్పు అని అడిగింది.

ఇంకోటి. స్టూడియోలో సౌండు చూసే నాగసాయి ఒక సినిమాకి పసిపిల్ల ఏడుపు కావాలని అడిగాడు. పాపను పరుపు మీద పడుకోబెట్టి, ఫ్యాను ఆపి, కిటికీ మూసి, ఫోను పక్కన పెట్టాను. పదకొండు నిమిషాలు వచ్చింది. మధ్యలో ఆగి, వెక్కి, మళ్లీ మొదలుపెట్టింది. నేను గోడకు ఆనుకుని కూర్చుని గడియారం చూశాను. మర్నాడు నాగసాయి ఫోను చేసి, "చాలా క్లీనుగా ఉంది మేడం. మామూలుగా మధ్యలో తల్లి ఊరుకోబెట్టే గొంతు వచ్చి పాడవుతుంది. దీంట్లో ఎక్కడా లేదు" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

ఇక్కడ ఏ లోటూ లేదు. నేను ఉన్నా లేకపోయినా పాపకు బాలమణి ఉంది, పది ఇళ్లు ఉన్నాయి. ఆలోచించి చూస్తే ఎక్కడా ఏదీ ఆగదు. ఎక్కడికైనా వెళ్లి, ఎవరూ లేపకుండా పడుకోవాలని మాత్రం ఉంటుంది.

మనోజ్ఞ


రైల్లో
24 సెప్టెంబరు 2024

మనూ,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. నేనే తెస్తున్నాను. నీది నిన్న మధ్యాహ్నం అందింది. పక్కింటి భూలక్ష్మి చేత అప్పటికప్పుడు మీ ఆయనకు మెసేజీ పెట్టించాను: మనూకు ఒంట్లో బాగాలేదు, నేను వచ్చేదాకా బాలమణిని ఆ ఇంట్లోంచి కదలనివ్వకు, నువ్వు వెంటనే బయల్దేరు అని. అతను భూలక్ష్మికి ఫోను చేసి, "లేదండీ, పొద్దున్నే మాట్లాడింది, చాలా హుషారుగా ఉంది" అన్నాడట. నువ్వు పాతిక రికార్డు చేసి పెట్టుకున్నావని భూలక్ష్మి చేత చెప్పించాను. ముందు బాలమణికి చెప్పి, దొరికిన విమానానికి వస్తానన్నాడట. నీ గుట్టు బయటపెట్టాను. తిడితే తిట్టు.

ఇప్పుడు పెద్దమ్మగా కాదు, వార్డు సిస్టరుగా రాస్తున్నాను.

నా సర్వీసులో ఒక బాలింత ఉండేది. ఇరవై రెండేళ్లు. వార్డంతా నవ్వించేది. పక్క మంచాల వాళ్ల పిల్లల్ని ఎత్తుకునేది, తన బిడ్డను తల్లికి ఇచ్చేసేది. మంచి పిల్ల, ఏ గొడవా లేదు అని నేను కాగితం మీద రాసి ఇంటికి పంపాను. నెల తిరక్కుండా కబురు వచ్చింది. బిడ్డ ఉంది, ఆమె లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఉన్న ఆరు రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా తన బిడ్డ గురించి నాతో మాట్లాడలేదు. నాకు అప్పుడు చెవులు బాగానే పనిచేసేవి. ఆమె నవ్వు వింటూ కూర్చున్నాను.

అందరూ నీ గొంతు విని నువ్వు బాగున్నావనుకున్నారు. నాకు గొంతు వినపడదు కాబట్టి నువ్వు రాసిందే చదివాను. నీ బుద్ధిలో లోపం లేదు, నువ్వు చెడ్డ తల్లివి కావు. ఇది కానుపు తర్వాత వచ్చే జబ్బు. కుట్లకు చీము పడితే దాచుకుంటావా? ఇదీ అంతే. దీనికి డాక్టర్లున్నారు, మందులున్నాయి. రేపు పొద్దున్నే వెళ్తున్నాం.

మూడు ప్రశ్నలు అడుగుతాను. తిండీ నిద్రా ఎలా ఉన్నాయి? పాపను చూస్తే ఏమనిపిస్తోంది? ఏమీ అనిపించకపోతే అదే రాయి. నేను లేకపోతే బాగుండును అన్న ఆలోచన వచ్చిందా, వస్తే ఎంతదాకా వెళ్లింది?

నోటితో చెప్పకు. నువ్వు నటిస్తావు, నాకెలాగూ వినపడదు. ఈ కాగితం వెనక రాయి.

ఇంకో సంగతి. జూలైలో నువ్వు వద్దనగానే, నా చెవుల గురించే అన్నావని అలిగి కూర్చున్నాను. సిస్టరునై ఉండీ, చూలాలు వద్దంటే ఎందుకు వద్దంటోందో ఆలోచించలేదు. తప్పు నాది.

పెద్దమ్మ


అదే కాగితం వెనక
25 సెప్టెంబరు

పెద్దమ్మా,

నువ్వు వంటింట్లో ఉన్నావు. బాలమణి మొన్న సాయంత్రం నుంచి గుమ్మంలో కూర్చుని ఉంది. "నేనెటు పోను బిడ్డా, నన్ను తిట్టినా పోను" అంటోంది. అందుకే రాయగలుగుతున్నాను.

ఒకటి. తినడం లేదు. క్యారేజీలు మెట్ల కింద కుక్కకు పెడుతున్నాను. పాప పడుకున్నా నాకు నిద్ర రాదు.

రెండు. ఏమీ అనిపించదు. ఎవరి పిల్లనో చూసుకోమని ఇచ్చి, తీసుకెళ్లడం మరిచిపోయారేమో అనిపిస్తుంది. ఏడిస్తే భయం వేస్తుంది. పాపను ఏమైనా చేయాలని ఎప్పుడూ అనిపించలేదు. ఒట్టు.

మూడు. వచ్చింది. చాలాసార్లు. మొన్న శనివారం లిఫ్టు పనిచేసింది. పాపను గదిలో పడుకోబెట్టి పై అంతస్తు దాకా వెళ్లాను. కాసేపు నిలబడి దిగి వచ్చేశాను. పాప పాల టైము అయిందని వచ్చాను, ఇంకే కారణమూ లేదు.

నీ చెవుల గురించి నేను అనలేదు. మోకాలు నొప్పితో మూడంతస్తులు ఎక్కి నాకు చాకిరీ చేయడం ఎందుకని అన్నాను. తర్వాత నీ దగ్గర నుంచి ముక్తసరిగా ఉత్తరం వచ్చింది. ఇక చేతులు దులుపుకున్నావనుకున్నాను. రమ్మని అడగడానికి మొహం చెల్లలేదు.

మనూ


25 సెప్టెంబరు

చదివాను. ఇది రాయడమే కష్టం, అది అయిపోయింది. బాలమణి చేత డాక్టరమ్మకు ఫోను చేయించాను, పదకొండు గంటలకు రమ్మంది. మనసు డాక్టరు కూడా అక్కడే చూస్తుందట. ఈ కాగితం నేను పట్టుకుని వస్తాను. నువ్వు చెప్పలేకపోతే ఇదే చేతికిస్తాను. సాయి సాయంత్రం విమానం దిగుతాడు. కొన్నాళ్లు నువ్వు ఒక్కదానివీ ఉండకూడదు, ఎవరో ఒకరం ఉంటాం. లిఫ్టు దగ్గరికి కూడా తోడు వస్తాం, విసుక్కోకు.

మీ అమ్మ చీరతో ఉయ్యాల కట్టించాను. దాని తాడు కొస నా కాలి బొటనవేలికి ముడి వేసుకుంటాను. పాప ఒళ్లు విరుచుకుంటే ముందు నా వేలికి తెలుస్తుంది, ఏడుపు ఆ తర్వాతే. చెవులున్నవాళ్లకన్నా ముందు లేస్తాను.

నువ్వు పాపను ఎత్తుకోవాలని ఎవరూ అనరు. బాలమణికి కూడా చెప్పాను. ముందు ఈ గుడ్డూ అన్నం తిను. నేను చూస్తూ ఉంటాను.


ఫిల్మ్ నగర్
23 ఫిబ్రవరి 2025

పెద్దమ్మా,

నువ్వు వెళ్లి రెండు వారాలైంది. నీ మోకాలు ఎలా ఉంది? నాలుగు నెలలు మా మెట్లు ఎక్కి దిగింది కదా, దానికి నా తరఫున దండం పెట్టు. లిఫ్టు నువ్వు రైలెక్కిన మర్నాడు బాగైంది.

మాత్ర ఇంకా వేసుకుంటున్నాను. పాలిస్తూ వేసుకునేదే, డాక్టరమ్మ ఇంకో ఆరు నెలలు మానొద్దంది. కొన్ని రోజులు బాగుంటాయి, కొన్ని ఉండవు. బాగాలేని రోజు సాయికి చెబుతున్నాను. మామూలు గొంతుతో చెప్పడం ఇంకా అలవాటు కాలేదు. చెప్పేశాక ఎదుటివాళ్ల మొహం చూసి, ఇంకో టేకు చెప్పనా అని అడగాలనిపిస్తుంది.

గ్రూపులో కూడా చెప్పాను. రికార్డు చేస్తుంటే మధ్యలో ముక్కు చీదుకున్నాను. ఏదీ కోయకుండా ఉన్నది ఉన్నట్టు పెట్టాను. ఇక నన్ను తీసేస్తారనుకున్నాను. తర్వాత ఒక్కొక్కరే రాశారు. పదిమందిలో నలుగురు, మాకూ ఇలాగే ఉండేది, నీ మాటలు వినీ వినీ మేమే పనికిరానివాళ్లమనుకున్నాం అన్నారు. పెద్దమ్మా, నేను ధైర్యం చెబుతున్నాననుకున్నాను. వాళ్ల నోళ్లు నొక్కేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు బుధవారాలు బాలమణి ఇంట్లో కలుస్తున్నాం. ధైర్యం మాటలు నిషేధం. బాలమణి గుమ్మంలో ఒక్కొక్కరినీ ఆపి, "తిన్నవా? పండినవా? ఏడ్సినవా? నిజం జెప్పు, గీడ సినిమా తీస్తలేం" అని అడిగి లోపలికి పంపుతుంది. నిర్మాతగారి కోడలు మొన్న చాప మీదే రెండు గంటలు నిద్రపోయింది. ఆమె బిడ్డను టీ అతని భార్య ఎత్తుకుని తిప్పింది. క్యారేజీ ఇచ్చి వెళ్లిపోయే పద్ధతి కూడా మానేశాం. తెచ్చినవాళ్లు కూర్చుని, తినేదాకా ఉండి, ఖాళీ గిన్నెలు పట్టుకెళ్లాలి. అది నీ నియమమని అందరికీ చెప్పాను.

సెప్టెంబరులో నువ్వు ఒకటి అడిగావు. నాలుగు నెలలు ఆ పిల్లను నువ్వే నీ చేతుల్లో పెంచావు, నాకన్నా నీకే బాగా తెలుసు. అయినా నాకు ఆ ఉత్తరం బాకీ ఉంది.

మన పాప లాస్య చామనఛాయ. నుదురు సాయిది, అరచేయి అంత వెడల్పు. జుట్టు నడినెత్తిన ఒత్తుగా ఉండి వెనక అరిగిపోయింది. ఎడమ కన్ను కుడి కన్ను కన్నా కాస్త ఆలస్యంగా తెరుస్తుంది. కుడి చెవి పైఅంచు లోపలికి మడత. నువ్వు నెలల తరబడి చూస్తూ కూడా నాకు చెప్పలేదు, నేనే చూసుకోవాలని ఆగావని ఇప్పుడు తెలిసింది. మొన్న గురువారం ఎండలో కూర్చుని పాలిస్తుంటే కనిపించింది. అమ్మ చెవి. పాలు తాగుతున్నంతసేపూ దాన్నే చూశాను, ఏడుపు వచ్చింది, మంచి ఏడుపే. కాలి రెండో వేలు బొటనవేలి కన్నా పొడుగు. నవ్వితే ముందు కాళ్లు నవ్వుతాయి. నేను గది దాటితే మెడ తిప్పి వెతుకుతుంది. కిరాయికి తెచ్చినమా అని బాలమణి ఇప్పటికీ అడుగుతుంది. కాదు, నాదే అంటాను.

నిన్న నాగసాయి మళ్లీ ఫోను చేశాడు. ఇంకో సినిమాకి అయిదారు నెలల పిల్ల ఏడుపు కావాలట, పోయినసారి లాగా పొడుగ్గా, మధ్యలో ఎవరి గొంతూ లేకుండా. అంత పొడుగు మా ఇంట్లో దొరకదని చెప్పాను. రెండో కేకకే ఎత్తేసుకుంటున్నాను.

మనూ